పసరు కక్కించే కప్ప: అమెజాన్ 'కంబో' వెనుక ఉన్న శాస్త్రం, ప్రమాదం

బ్రెజిల్, పెరూ దేశాల సరిహద్దులో జవారీ నది పారే అడవుల్లో రాత్రిపూట చెట్ల మీది నుంచి ఒక కప్ప అరుస్తూ ఉంటుంది. వీపు ముదురు ఆకుపచ్చ, పొట్ట తెలుపు, ఒళ్లు సుమారు అరచెయ్యంత. గెంతడం కన్నా కొమ్మను పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ పోవడమే దీనికి అలవాటు. అందుకే ఇంగ్లిషులో దీన్ని కోతి కప్ప అంటారు. శాస్త్రీయ నామం ఫైలోమెడ్యూసా బైకలర్. నీటి కుంట మీదికి వంగిన ఆకును మడిచి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి రాగానే తిన్నగా కింది నీళ్లలోకి జారిపోతాయి. పట్టుకుంటే పారిపోవడానికి పెద్దగా తొందరపడదు. అలా తొందరపడనవసరం లేకపోవడానికి కారణం దాని చర్మంలోనే ఉంది. దీన్ని నోట్లో వేసుకున్న పాము కాసేపటికి కక్కేయాల్సి వస్తుంది.

ఆ చర్మం నుంచి ఊరే తెల్లటి జిగురు ద్రవాన్నే కంబో అంటున్నారు. కంపో, సాపో, 'కప్ప టీకా' అనే పేర్లూ ఉన్నాయి. పానో భాషా కుటుంబానికి చెందిన మత్సెస్, కటుకినా, కషినావా, యవనావా వంటి తెగలు దీన్ని చాలాకాలంగా వాడుతున్నాయి. బయటి ప్రపంచానికి దీని గురించి తొలి లిఖిత వర్ణన ఇచ్చినది కాన్‌స్టాంటిన్ తస్తెవాన్ అనే ఫ్రెంచి మతగురువు, 1925లో. గత పాతికేళ్లలో ఇది అడవి దాటి సావో పాలో, అక్కడి నుంచి యూరప్, ఆస్ట్రేలియా, అమెరికా నగరాల్లోని 'శరీర శుద్ధి' శిబిరాలకు చేరింది. ఒంట్లోని విషాలన్నీ వాంతి రూపంలో బయటికి పోతాయని ఆ శిబిరాలవాళ్లు చెబుతారు. ఒంట్లోని మలినాన్ని కక్కించి కడిగేయడమన్న ఊహ మనకూ కొత్త కాదు. ఏడాదికోసారి పిల్లలను పట్టుకుని ఆముదం తాగించిన ఇళ్లు తెలుగునాట ఎన్నో. కాబట్టి ఇలాంటి వీడియో ఫోన్‌లో కనిపించినప్పుడు మనలో చాలామందికి అది మరీ వింతగా తోచకపోవచ్చు. ఆముదానికీ కంబోకీ ఎక్కడ తేడా వస్తుందో వివరంగా చూద్దాం.

అడవిలో ఏం చేస్తారు

వేటగాళ్లు అరుపును బట్టి కప్ప ఉన్న చెట్టును గుర్తిస్తారు. దాన్ని పట్టుకుని నాలుగు కాళ్లనూ నాలుగు పుల్లలకు కట్టి, గుణకారం గుర్తులా సాగదీస్తారు. కాస్త గుచ్చి చికాకు పెడితే ఒంటి మీద జిగురు ఊరుతుంది. దాన్ని వెదురు బద్దతో గీకి, ఆ బద్ద మీదే ఆరబెడతారు. ఎండిన పొర గట్టి జిగురులా మారి నెలల తరబడి చెడకుండా ఉంటుంది. పని అయ్యాక కప్పను వదిలేస్తారు, చంపరు.

వాడేటప్పుడు సన్నటి తీగ కొసను నిప్పులో కాల్చి చర్మం మీద చుక్కలుగా అంటిస్తారు. పైన లేచిన పలుచటి పొరను తుడిచేసి, తడిపిన జిగురును ఆ పచ్చి మచ్చల మీద అద్దుతారు. కటుకినా తెగలో సాధారణంగా మగవాళ్లకు చేతుల మీదా ఛాతీ మీదా, ఆడవాళ్లకు కాళ్ల మీదా వేస్తారు. వేటకు వెళ్లి వరసగా ఉత్తచేతులతో తిరిగొచ్చినవాడిని 'పనేమా' పట్టిందంటారు. దురదృష్టం, బద్ధకం, మందకొడితనం అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. దాన్ని వదిలించడమే కంబో అసలు ఉద్దేశం. అంటే అక్కడ అది జబ్బుకు మందు కన్నా వేటకు సన్నాహం. ఈ సంగతి నగర శిబిరాల ప్రకటనల్లో దాదాపు కనిపించదు.

అద్దిన కొద్ది నిమిషాల్లోనే, ఒక్కోసారి సెకన్లలోనే, ముఖం ఎర్రబడి వేడెక్కుతుంది. గుండె దడదడలాడుతుంది. పెదవులు, కనురెప్పలు ఉబ్బుతాయి. కడుపులో తిప్పి వాంతులు మొదలవుతాయి, చాలామందికి విరేచనాలు కూడా. ఉధృతి పావుగంట నుంచి అరగంట. తర్వాత నీరసంతో పడి నిద్రపోతారు. లేచాక ఒళ్లు తేలికైందనీ, ఆకలీ అలుపూ తెలియడం లేదనీ, అడవిలో చిన్న చప్పుడు కూడా వినబడుతోందనీ వేటగాళ్లు చెబుతారు.

చర్మాన్ని ఎందుకు కాలుస్తారు

భౌతిక శాస్త్రం చదువుకున్నందువల్లనేమో, ఈ మొత్తం ప్రక్రియలో నన్ను ముందుగా ఆకర్షించింది ఆ కాల్చే పనే. జిగురును నేరుగా చర్మం మీద రాస్తే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. మన చర్మం పైపొర, చచ్చిన కణాల పలక, 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందం ఉంటుంది. వెంట్రుక మందంలో నాలుగో వంతు అనుకోండి. అంత పలుచటి పొరే పెద్ద అణువులకు కోటగోడ. సుమారు 500 డాల్టన్ల కన్నా బరువైన అణువు మామూలు చర్మం గుండా లోపలికి దిగడం చాలా కష్టమని మందుల తయారీ రంగంలో ఒక లెక్క ఉంది.

కంబోలో పనిచేసేవి పెప్టైడులు, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. ఒక్కో అమైనో ఆమ్లం సగటున 110 డాల్టన్లు. ఏడు పూసలున్న గొలుసు 770 దాకా, 40 పూసలున్నది 4,400 దాకా తూగుతాయి. రెండూ గోడ దాటలేవు. పోనీ మింగితే? కడుపులోని ఎంజైములు పెప్టైడ్ గొలుసులను చాలావరకు ముక్కలు చేసేస్తాయి. ఇన్సులిన్‌ను మాత్రగా కాక సూదిగా వేసుకోవడానికి కారణం కూడా ఇదే.

కాలిన చుక్క దగ్గర ఆ కోటగోడ ఉండదు. కింద తడి కణజాలం, శోషరసం, సన్నటి రక్తనాళాలు బయటపడి ఉంటాయి. వ్యాపనానికి పట్టే కాలం దూరం వర్గానికి అనులోమంగా ఉంటుంది, కాబట్టి దాటాల్సిన దూరం పదో వంతుకు తగ్గితే కాలం నూరో వంతుకు తగ్గుతుంది. రక్తంలో పడ్డాక ఇంకెంతో సేపు అక్కర్లేదు. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది, ఒంట్లో ఉన్న రక్తం కూడా సుమారు అంతే. ఒక్క నిమిషంలో ఊరంతా చుట్టి వచ్చినట్టు. సూదీ సిరంజీ లేని చోట ఇంజెక్షన్‌కు ప్రత్యామ్నాయం కనిపెట్టిన ఆ పరిశీలన సామాన్యమైనది కాదు. అయితే ఇంజెక్షన్‌తో వచ్చే చిక్కు కూడా దీనితోపాటే వస్తుంది. ఒకసారి లోపలికి వెళ్లినదాన్ని వెనక్కి తీయలేం. మచ్చల మీది జిగురును తుడిచేస్తే ఇక ముందు వెళ్లేది మాత్రమే ఆగుతుంది.

జిగురులో ఏముంది

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో ముఖ్యుడు ఇటలీకి చెందిన విట్టోరియో ఎర్‌స్పామర్. సెరటోనిన్‌ను తొలిగా గుర్తించిన శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు. కప్పల చర్మాలను దశాబ్దాల పాటు జల్లెడ పట్టాడు. 1993లో ప్రచురించిన పరిశోధనలో, ఎండిన కంబో బరువులో దాదాపు 7 శాతం దాకా జీవక్రియల మీద ప్రభావం చూపే పెప్టైడులే ఉన్నాయని తేల్చాడు. చర్మ స్రావాల్లో అది చాలా ఎక్కువ. అంతకు ముందు ఏడాదే అమెరికాలో జాన్ డేలీ బృందం ఇదే స్రావంలో అడినోరెగ్యులిన్ అనే మరో పెప్టైడును గుర్తించింది.

విశేషం ఏమిటంటే ఈ పెప్టైడుల్లో చాలావరకు మన ఒంటికి పరాయివి కావు. మన సొంత హార్మోన్లకు నకళ్లలాంటివి. ఇంటి తాళానికి దొంగ తాళంచెవులు చేయించినట్టు, కప్ప మన కణాల మీది గ్రాహకాలకు సరిపోయే అణువులను తయారు చేసుకుంది. ఫైలోకైనిన్ మన బ్రాడికైనిన్‌ను పోలి రక్తనాళాలను వదులు చేస్తుంది, దానితో రక్తపోటు పడిపోతుంది, ముఖం ఎర్రబడి ఉబ్బుతుంది, పడిన పోటును నిలబెట్టడానికి గుండె పరుగెత్తుతుంది. ఫైలోమెడ్యూసిన్ పేగులను గట్టిగా బిగపడుతుంది. సావజిన్ అనే 40 అమైనో ఆమ్లాల గొలుసు మెదడు నుంచి వెలువడే ఒత్తిడి హార్మోన్‌ను అనుకరిస్తుంది. డెర్మార్ఫిన్, డెల్టార్ఫిన్ నల్లమందు పనిచేసే గ్రాహకాలకే అతుక్కుంటాయి.

డెర్మార్ఫిన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. దీన్ని ఈ కప్పకు దాయాది అయిన ఫైలోమెడ్యూసా సావజీ నుంచి 1981లో వేరుచేశారు. జంతువుల ప్రొటీన్లన్నీ ఎడమచేతి వాటపు అమైనో ఆమ్లాలతోనే కట్టి ఉంటాయని అప్పటిదాకా అందరి నమ్మకం. డెర్మార్ఫిన్‌లో రెండో స్థానంలో ఉన్న అలనిన్ కుడిచేతి వాటం, అద్దంలో ప్రతిబింబం లాంటిది. ఆ ఒక్క తిరకాసు వల్లే ఎంజైములు దాన్ని తేలిగ్గా కత్తిరించలేవు, మార్ఫిన్ కన్నా 30, 40 రెట్లు బలంగా పనిచేస్తుంది. 2012లో అమెరికాలో 30కి పైగా పందెపు గుర్రాల నమూనాల్లో ఇదే డెర్మార్ఫిన్ బయటపడి పెద్ద కలకలం రేగింది. నొప్పి తెలియకుండా పరుగెత్తించడానికి వాడారు. వేటగాడికి అలుపు తెలియకపోవడాన్ని ఈ కోణం నుంచి చూస్తే అర్థం చేసుకోవచ్చు.

ఆ పసుపు వాంతి ఏమిటి

శిబిరాల్లో వాంతి చేసుకున్న బకెట్టును చూపించి, 'చూడండి, ఎంత విషం బయటికొచ్చిందో' అంటారు. వాంతి పసుపుగానో ఆకుపచ్చగానో చేదుగా ఉంటే శుద్ధి బాగా జరిగిందని లెక్క. దీన్ని మన ఊళ్లలో ఎవరికైనా చూపిస్తే ఠక్కున చెప్పేస్తారు, అది పసరు వాంతి అని. పైత్యరసం అన్నమాట.

అది అంతలా రావడానికి కారణం ఫైలోసెరులీన్ అనే తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్. మనం నెయ్యో నూనెనో తిన్నప్పుడు పేగు నుంచి కోలెసిస్టోకైనిన్ అనే హార్మోన్ వెలువడి పిత్తాశయాన్ని పిండుతుంది, పైత్యరసం పేగులోకి చేరి కొవ్వును అరిగిస్తుంది. ఫైలోసెరులీన్ ఆ హార్మోన్‌కు నకలు. కడుపు ఖాళీగా ఉన్నా పిత్తాశయాన్ని పిండేస్తుంది. అదే సమయంలో వాంతిని రప్పిస్తుంది. కాలేయం రోజూ తయారు చేసే, పేగులో చేరి మళ్లీ చాలావరకు కాలేయానికే తిరిగి వెళ్లే మంచి రసాన్ని బయటికి కక్కించి, దానికే విషమని పేరు పెట్టడం జరుగుతోంది. కప్ప జిగురు అద్దితే రోగి ఒంట్లో ఎంత 'మలినం' ఉన్నా లేకున్నా పసరు వస్తుంది. ఆ మాటకొస్తే అద్దినవారికి అద్దినా అంతే.

ఫైలోసెరులీన్‌కు దగ్గరి బంధువు సెరులీన్ ఆస్ట్రేలియా చెట్టుకప్ప నుంచి వచ్చింది. పిత్తాశయం పనితీరును పరీక్షించడానికి వైద్యులు దాన్ని వాడారు. ప్రయోగశాలల్లో దానికి ఇంకో ఉపయోగం ఉంది. ఎలుకల్లో క్లోమం వాచే జబ్బును కృత్రిమంగా తెప్పించి అధ్యయనం చేయాలంటే, సెరులీన్‌ను ఎక్కువ మోతాదులో మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు.

మరి ఆముదం సంగతి? ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లం పేగు కండరాల మీది ఈపీ3 అనే ఒక ప్రత్యేక గ్రాహకాన్ని తాకడం వల్లే విరేచనం అవుతుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. ఒక అణువు, ప్రధానంగా ఒక చోట, మోతాదు చెంచాల్లో. ఎక్కువైతే అదీ ఒంట్లోని నీటిని పోగొట్టి ప్రమాదమే తెస్తుంది. కంబోలో గుండె, రక్తనాళాలు, పేగులు, మూత్రపిండాలు, మెదడు, వీటన్నిటికీ ఒకేసారి వేర్వేరు ఆజ్ఞలు వెళతాయి. బద్ద మీద ఎండిన పొరలో ఏ పెప్టైడ్ ఎంత ఉందో అద్దేవాడికి తెలిసే దారే లేదు. ఒక కప్పకూ మరో కప్పకూ తేడా, పొర మందంలో తేడా, కాల్పు లోతులో తేడా. చుక్కలు లెక్కపెట్టి వేయడాన్ని మోతాదు అనలేం.

నీళ్లు ఎక్కువ తాగితే

నా దృష్టిలో కంబోతో వచ్చే ప్రమాదాల్లో అందరూ తక్కువగా అంచనా వేసేది ఇదే. వాంతి సులువుగా కావాలని, అద్దే ముందు లీటర్ల కొద్దీ నీళ్లు గబగబా తాగిస్తారు. 'నీళ్లేగా, ఏమవుతుంది' అనిపిస్తుంది.

మన రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. మామూలుగా నీళ్లు ఎక్కువైతే మూత్రపిండాలు గంటకు దాదాపు ఒక లీటరు వరకు బయటికి పంపగలవు. కంబో సమయంలో ఈ తూము మూసుకుపోవచ్చు. తీవ్రమైన వికారం కలిగితే చాలు, మెదడు వ్యాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. నీటిని పోనీయవద్దని మూత్రపిండాలకు అది ఇచ్చే ఆజ్ఞ. దానికి తోడు సావజిన్‌కు కూడా మూత్రాన్ని తగ్గించే గుణం ఉంది.

చిన్న లెక్క వేద్దాం. 60 కిలోల మహిళ ఒంట్లో నీరు సుమారు 30 లీటర్లు. సోడియం 140. ఆమె 3 లీటర్లు తాగి, అదంతా లోపలే నిలిచిపోయిందనుకుందాం. 140ని 30తో గుణించి 33తో భాగిస్తే 127. నాలుగు లీటర్లయితే 124 దగ్గరికి దిగుతుంది. వాంతిలో కొంత నీరు పోతుంది నిజమే, కానీ వాంతితో, విరేచనంతో ఉప్పు కూడా పోతుంది. పోయినదాని స్థానంలో మళ్లీ ఉత్త నీళ్లే తాగిస్తే సోడియం ఇంకా పలుచబడుతుంది.

తర్వాత జరిగేది బడిలో బంగాళదుంపతో చేసిన ద్రవాభిసరణ ప్రయోగమే. రక్తం పలుచబడితే నీరు గాఢత ఎక్కువ ఉన్న కణాల లోపలికి పోతుంది, కణాలు ఉబ్బుతాయి. చెయ్యో కాలో కాస్త ఉబ్బితే పరవాలేదు. మెదడు చుట్టూ ఎముక డబ్బా ఉంది, ఉబ్బడానికి చోటు లేదు. ముందు తలనొప్పి, తికమక, పొంతన లేని మాటలు. తర్వాత మూర్ఛ, స్పృహ తప్పడం. కొన్ని గంటల్లోనే ఇలా పడిపోతే, రోజుల మీద నెమ్మదిగా పడిపోయినదాని కన్నా ఎంతో ప్రమాదం, ఎందుకంటే సర్దుకునే వ్యవధి మెదడుకు దొరకదు.

ఇది ఊహ కాదు. స్లొవేనియాలో కంబో తీసుకున్న 44 ఏళ్ల మహిళ సరిగ్గా ఈ స్థితిలో ఆస్పత్రికి చేరిన వైనాన్ని అక్కడి వైద్యులు 2016లో ప్రచురించారు. కంబోతో సంబంధం లేకుండా కూడా ఇది జరుగుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది, ముఖ్యంగా దారిలో నీళ్లు విపరీతంగా తాగినవారికి.

చిక్కేమిటంటే, మగతలో ఉన్న మనిషిని చూసి పక్కనున్నవాళ్లు 'శుద్ధి జరుగుతోంది, పడుకోనివ్వండి' అనో, 'ఇంకొన్ని నీళ్లు పట్టండి' అనో అంటారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చాలి. కప్ప స్రావం అద్దారన్న సంగతి, తాగిన నీళ్ల లెక్క వైద్యుడికి దాచకుండా చెప్పాలి. ఆ ఒక్క వివరం తెలిస్తే ముందు సోడియం పరీక్ష చేయిస్తారు. అవసరమైతే గాఢమైన ఉప్పు ద్రావణాన్ని కొలత ప్రకారం ఎక్కిస్తారు. తెలియకపోతే మామూలు మతిభ్రమణం అనుకునే అవకాశం ఉంది.

మిగతా ప్రమాదాలు

ఇటలీలో 42 ఏళ్ల వ్యక్తి ఇంట్లో మరణించి కనిపించాడు, దగ్గర కంబో సామగ్రి ఉంది. శవపరీక్షలో అతని గుండె కండరం మందమై ఉన్నట్టు తేలింది. 2018లో ఈ కేసును ప్రచురించిన వైద్యులు, ముందే బలహీనమైన గుండె మీద కంబో పడడంతో లయ తప్పి ఉండవచ్చని భావించారు. గుండె గోడ మందమైన సంగతి చాలామందికి బయటికి తెలియదు. రక్తపోటు మాత్రలు వాడేవారిలో పోటు ఇంకా దిగజారవచ్చు. విరేచనానికని లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడి తలకు దెబ్బ తగిలించుకునే ప్రమాదం అందరికీ ఉంది.

బలవంతపు వాంతి కూడా చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియాలో 2021లో ఒక శిబిరంలో కంబో, అయవాస్కా అనే మరో అమెజాన్ కషాయం తీసుకున్న వ్యక్తి అన్నవాహికకు చిల్లు పడి మరణించాడు. 2019లో మరో మహిళ కంబో తీసుకున్న కాసేపటికే చనిపోయింది. ఆ రెండు మరణాల మీదా న్యాయ విచారణ జరిగింది. 2021 అక్టోబరు నుంచి ఆస్ట్రేలియా కంబోను అత్యంత ప్రమాదకరమైన విషపదార్థాల జాబితాలో చేర్చి, అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించింది. కప్ప సొంత దేశమైన బ్రెజిల్‌లో ఆరోగ్య నియంత్రణ సంస్థ అన్వీసా 2004లోనే, కంబోకు వైద్య గుణాలున్నాయని ప్రచారం చేయడాన్ని నిషేధించింది.

కుంగుబాటు, మత్తు వ్యసనం, దీర్ఘకాలిక నొప్పులు, చివరికి క్యాన్సర్ కూడా తగ్గుతాయని చెప్పుకుంటున్నారు. నియంత్రిత వైద్య పరీక్షల్లో కంబో వీటిలో ఏ ఒక్కదానికీ పనిచేస్తుందని రుజువు కాలేదు. కంబోలోని డెర్మసెప్టిన్లు గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను చంపుతాయి, అది నిజం. గాజు పళ్లెంలో బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. 'అయితే నాకు నిజంగానే బాగుందే' అనేవారి మాటను అబద్ధమని కొట్టేయను. నల్లమందు తరహా పెప్టైడులు, అరగంట నరకం ముగిసిన ఉపశమనం, చుట్టూ ఉన్నవారి ఆదరణ కలిస్తే ఎవరికైనా ఒకటి రెండు రోజులు తేలిగ్గానే ఉంటుంది. జబ్బు తగ్గిందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ తేలికదనాన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మందులు ఆపేస్తేనే అసలు నష్టం.

మత్సెస్ వేటగాడు చిన్నప్పటి నుంచి దీన్ని చూస్తూ పెరిగినవాడు. అద్దేది తెలిసిన పెద్దవాళ్లు. అక్కడ అది క్షేమమని నేను అనడం లేదు, వారి అణువులు వేరు కావు. కానీ రక్తపోటు మాత్రలు వేసుకునే, కుంగుబాటుకు మందులు వాడే నగరవాసి మీద, వారాంతపు శిక్షణ పొందిన అపరిచితుడు అదే పని చేయడం పూర్తిగా మరో ప్రయోగం.

ఎవరి కప్ప, ఎవరి లాభం

కంబోను తెగల నుంచి నేర్చుకుని నగరాలకు తీసుకెళ్లినవారిలో రబ్బరు పాలు గీసే కూలీలు ముందున్నారు. 1990ల చివరికి సావో పాలోలో దీనికి గిరాకీ పెరిగింది. తమ అనుమతి లేకుండా తమ జ్ఞానంతో వ్యాపారం సాగుతోందని కటుకినాలు 2003లో బ్రెజిల్ పర్యావరణ మంత్రిత్వ శాఖకు లేఖ రాశారు. ఈ కప్పల కుటుంబపు పెప్టైడుల మీద విదేశాల్లో పేటెంట్లు ఉండటం వారి ఆవేదనకు మరో కారణం. పసుపు గాయాలను మాన్పుతుందని 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును సీఎస్‌ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించిన సంగతి మనకు గుర్తే. మనకు పాత గ్రంథాలు సాక్ష్యంగా నిలిచాయి. నోటి మాటగా మాత్రమే తరాలు దాటిన జ్ఞానానికి ఆ వెసులుబాటు లేదు.

మన ఇంటి చుట్టూ ఉన్న కప్పలు

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. వానాకాలంలో మన వాకిళ్లలో తిరిగే, ఒంటి నిండా పొక్కుల్లాంటి గడ్డలున్న గోదురు కప్పకూ కంబో కప్పకూ రసాయనికంగా సంబంధం లేదు. గోదురు కప్ప కళ్ల వెనుక ఉబ్బెత్తుగా కనిపించే గ్రంథుల పాలలో బుఫాడైనోలైడులు ఉంటాయి. గన్నేరు విషంలాగే ఇవి గుండె కణాల్లోని సోడియం, పొటాషియం పంపును ఆపేస్తాయి. పెప్టైడులు కావు కాబట్టి కడుపులో అరిగిపోవు, మింగినా చంపుతాయి. ఇదే రకం విషమున్న చైనా గోదురు కప్ప మందును పైపూతగా అమ్మితే, దాన్ని మింగి 1993, 1995 మధ్య న్యూయార్క్‌లో నలుగురు మరణించారు. వీడియో చూసి 'మన కప్పతో చేసి చూద్దాం' అనుకునే కుర్రాళ్లు ఎక్కడైనా ఉంటే, ఈ పేరా వారి కోసమే.

కప్ప చర్మాన్ని శాస్త్రం ఎలా వాడుకోవాలన్నదానికి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. కేరళలో దొరికే హైడ్రోఫైలాక్స్ బహువిస్తార అనే కప్ప స్రావాన్ని తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ కేంద్రం, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం కలిసి పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించాయి. స్వల్ప విద్యుత్ ప్రేరణతో స్రావాన్ని సేకరించి కప్పలను తిరిగి వదిలేశారు. అందులోని ఒక పెప్టైడ్ హెచ్1 రకం ఫ్లూ వైరస్‌లను ఛిన్నాభిన్నం చేసింది, ఎలుకలను ఫ్లూ నుంచి కాపాడింది. కేరళ వీరుల మెలికల కత్తి ఉరుమి పేరు మీద దానికి ఉరుమిన్ అని పేరు పెట్టారు. వారు మొత్తం 32 పెప్టైడులను పరీక్షిస్తే నాలుగు వైరస్ మీద పనిచేశాయి. ఆ నాలుగింటిలో మూడు మనిషి కణాలకు కూడా విషమే. ఎర్ర రక్తకణాలకు హాని చేయకుండా మిగిలింది ఉరుమిన్ ఒక్కటే.